ఓడెక్కిన విలేకరి

వేదిక మీది పెద్దలకు, ఎదుట కూర్చున్న జర్నలిజం విద్యార్థులకు నమస్కారం. వార్తారచన గురించి మాట్లాడమన్నారు. అధ్యక్షులు అనుమతిస్తే ఒక విలేకరి గురించే మాట్లాడతాను.

ఆలన్ విలియర్స్. 1903లో మెల్‌బోర్న్‌లో పుట్టారు. పదిహేనేళ్లకే తెరచాప ఓడెక్కారు. దెబ్బ తగిలి ఒడ్డుకు చేరాక ఆస్ట్రేలియాలోనే హోబార్ట్‌లో ‘మెర్క్యురీ’ పత్రికలో పని దొరికింది. నెల జీతంతో ఆయన కుదురుకోలేదు. 1923లో తిమింగలాలను వేటాడే నార్వే ఓడలో కూలీగా అంటార్కిటికా సముద్రాలకు వెళ్లి, చూసింది రాశారు. అదే మొదటి పుస్తకమైంది.

ఆవిరి ఓడల ముందు తెరచాప ఓడలు నిలవలేకపోతున్న రోజులవి. అవి పూర్తిగా పోయేలోగా సినిమా తీయాలని 1929లో విలియర్స్, తోటి విలేకరి రోనాల్డ్ వాకర్ గోధుమలు మోసే తెరచాప ఓడ ‘గ్రేస్ హార్వర్’ ఎక్కారు. ప్రయాణికులుగా కాదు, కలాసీలుగా! దక్షిణ అమెరికా కొసన ఉన్న కేప్ హార్న్ దారిలో తెరచాప అడ్డకొయ్య మీదపడి వాకర్ చనిపోయాడు. ఇరవై రెండేళ్ల కుర్రవాడు. ఆ ఓడ గమ్యం చేరడానికి 138 రోజులు పట్టింది. స్నేహితుణ్ణి సముద్రంలో వదిలి, విలియర్స్ ఆ సినిమా పని పూర్తిచేశారు. వాకర్ పేరు మీరు రాసుకోండి. దయచేసి రాసుకోండి.

తర్వాత ఆయన ‘జోసెఫ్ కాన్రాడ్’ అనే ఓడ మీద భూమిని చుట్టివచ్చారు, 1957లో ‘మేఫ్లవర్ 2’ ఓడను అట్లాంటిక్ దాటించారు. వాటి గురించి అందరూ చెబుతారు. నాకు ముఖ్యమైంది 1938. అరేబియా రేవు ఏడెన్‌లో కువైట్ వారి కొయ్య ఓడెక్కి, నఖోదా, అంటే ఓడ కెప్టెన్, అలీ నజ్దీ వెంట తూర్పు ఆఫ్రికాలోని జాంజిబార్ దాకా వెళ్లారు. ఆ తీరంలోనే రుఫిజి నది డెల్టాలో మడ అడవుల కర్రలు నింపుకుని కువైట్ చేరేదాకా ఆ కలాసీల మధ్యే తిన్నారు, పడుకున్నారు. వాళ్ల పనిని, పాటను, అప్పుల బాధను రాశారు, ఫొటోలు తీశారు. ఆయన ఫొటోలు ఇప్పుడు గ్రీనిచ్ సముద్రయాన మ్యూజియంలో ఉన్నాయి.

అది మన హిందూ మహాసముద్రమే. మరి మన కలాసీల సంగతి ఎవరు రాశారు? కాకినాడ దగ్గరి కోరంగి రేవును ముంచిన 1839 తుపాను గురించి ఎన్నిసార్లైనా రాస్తాం. తాళ్లరేవులో కొయ్య ఓడలు కట్టిన వడ్రంగుల పేర్లు పది చెప్పగలమా? నేను పనిచేసిన ఒక పత్రికకు ఓడ నడిపిన వృద్ధ సరంగు జీవితకథ రాసిస్తే, జిల్లా పేజీలో నాలుగు వరుసలు వేశారు. ఆయన మళ్లీ చెప్పడానికి లేరు. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

ఆ కోరంగి తీరం నుంచి వచ్చినవారు ఇక్కడున్నారా? చేతులెత్తండి. మంచిది. ఈ సెలవుల్లో మీ తాతల దగ్గర కూర్చోండి. ఏ కలప ఎక్కడి నుంచి తెచ్చేవారో, ఏ గాలికి ఏ చాప ఎత్తేవారో అడగండి. ఫోనులో రికార్డు చేయండి. చెప్పినవారి పేరు ఇంటిపేరుతో సహా రాయండి.