శెనక్కాయ పీకిన చేనుకి కావాల్సింది రెస్టా, మేతా?

(దృశ్యం: కాయ పీకేసిన ఎర్ర చేను, పైన మబ్బు)

అక్టోబరులో చిత్తూరు చుట్టుపక్కల ఏ ఊళ్లో అడిగినా ఒకటే మాట: "చేనుకి రెస్ట్ ఇచ్చినాం సార్." ఈ మాట దగ్గరే మనం ఏటా నష్టపోతున్నాం.

పొద్దంతా దున్నిన ఎద్దుకి కాడి విప్పి, గాడిలో గడ్డిపోచ కూడా వెయ్యకుండా కట్టేస్తే దాన్ని రెస్ట్ అంటామా? పస్తు అంటాం. మట్టిలోని సూక్ష్మజీవులకి మేత బతికున్న వేళ్ల నుంచి ఊరే చక్కెరలు. వేరు లేని చేను మేత లేని గాడే.

అందులోనూ ఇది శెనక్కాయ చేను. వరి కోస్తే దుబ్బులు మిగులుతాయి, చెరుకు కొడితే మోళ్లు మిగులుతాయి. శెనక్కాయని వేళ్లతో సహా పీకేస్తాం, కట్టె పశువులకి పోతుంది. నేల గుల్లగా, బోడిగా ఉన్న సరిగ్గా ఆ రోజుల్లోనే మనకి ఈశాన్య రుతుపవనాలు. 2021 నవంబరులో తిరుపతిలో పడిన వాన, స్వర్ణముఖి వరద అందరికీ గుర్తే. అలాంటి వానకి కొట్టుకుపోయేది బోడి చేల పైమట్టి. ఎరువు వేసింది ఆ మట్టిలోనే కదా!

అందుకే కాయ పీకిన మూడు రోజుల్లోపు, పదును ఆరకముందే పచ్చిరొట్ట పైరుకి విత్తనం పడాలి. ఎకరాకి ఉలవలు 6 కిలోలు, అలసందలు 4 కిలోలు, సజ్జలు ఒక కిలో కలిపి చల్లి, పైపైన గుంటక తోలండి. రెండు వేళ్ల లోతు దాటితే సజ్జ పైకి రాదు. సజ్జ ఎందుకంటే, దాని పీచువేళ్లు మట్టిని అల్లుకుంటాయి, వానకి కిందికి జారిపోయే నత్రజనిని పట్టి ఉంచుతాయి. జొన్న కూడా ఆ పని చేస్తుంది కానీ, లేత జొన్న మేస్తే పశువుకి విషం. ఆవులు తిరిగే ఊళ్లలో సజ్జే మేలు.

నవంబరు రెండో వారం దాటిందా, విత్తనం సగం పెంచండి. పగలు తగ్గేకొద్దీ ఉలవ తొందరగా పూతకొస్తుంది, మొక్క ఎదగదు. నీళ్లు నిలిచే పల్లంలో ఉలవ కుళ్లిపోతుంది, అక్కడ జీలుగ చల్లండి.

(దగ్గరి షాట్: వేరు)

ముప్పై రోజులకి ఒక అలసంద మొక్కని పారతో మట్టితో సహా లేపండి. పీకితే వేళ్ల మీది బుడిపెలు నేలలోనే ఊడిపోతాయి. ఒక బుడిపెని గోరుతో చీల్చి చూడండి. లోపల ఇదిగో, ఇలా ఎర్రగా ఉంటే గాలిలోని నత్రజనిని పట్టే పని జరుగుతోంది. తెల్లగా, ఆకుపచ్చగా ఉంటే జరగట్లేదు. ఆ పని చేసేది బుడిపెల్లో ఉండే రైజోబియం అనే బాక్టీరియా. శెనక్కాయకి పనిచేసేదే అలసందకీ ఉలవకీ పనిచేస్తుంది కాబట్టి, ఏటా శెనక్కాయ వేసే చేలో విత్తనానికి పట్టించే రైజోబియం కల్చర్ కొనాల్సిన పని ఉండదు.

ఇక రెండో పొరపాటు: "ఇంకాస్త ఎదగనీ, ఎరువు ఎక్కువొస్తుంది." మళ్లీ మన ఎద్దు దగ్గరికే రండి. పచ్చిగడ్డి వేస్తే ఊరికే అరిగిపోతుంది. ఒట్టి ఎండుగడ్డి వేస్తే దాంతోపాటు చెక్కో తవుడో పెట్టాలి. మట్టికీ అంతే. ముదిరిన కాడలు కలియదున్నితే, వాటిని అరిగించుకోడానికి సూక్ష్మజీవులకి చెక్క కావాలి. ఆ చెక్కే నత్రజని. మీరు పెట్టకపోతే నేలలో ఉన్నది లాక్కుంటాయి, తర్వాతి పైరు పసుపుపచ్చగా మారుతుంది. అందుకే 45–50 రోజులకి, పూత కనపడగానే కోసెయ్యాలి. కాయ పట్టనిస్తే నత్రజని గింజలోకి ఎక్కి ఇంటికి పోతుంది. ఉలవలు కావాలంటే పండించుకోండి, తప్పు లేదు, కానీ దాన్ని ఎరువు లెక్కలో వెయ్యొద్దు.

టైం అయిపోతోంది, మిగతావి తొందరగా చెప్పేస్తా. మళ్లీ జూన్‌లోనే విత్తేవాళ్లు కోసి అక్కడే పరచండి, దున్నొద్దు. బోరు కింద టమాటా పెట్టేవాళ్లు రోటవేటర్‌తో కలిపి, రెండు మూడు వారాలు ఆగండి. వెంటనే నాటితే నారు కుళ్లుతుంది.

శెనక్కాయ మొదళ్లలో తెల్ల బూజు, ఆవగింజల్లాంటి గుండ్లు కనిపించాయా? అది కాండం కుళ్లు. ఆ చేలో ఉలవ, అలసంద రెండూ వద్దు, సజ్జ ఒక్కటే 4 కిలోలు వెయ్యండి.

గట్టు పక్కన ఐదు సెంట్ల ఉలవ మాత్రం కోయకుండా వదలండి. వచ్చే ఏడాదికి విత్తనం అదే.