ఇసుకలో పోయిన ఊరు, ఇద్దరు ఎంపీలు

[తెర మీద: సముద్రపు ఒడ్డు, గడ్డి దిబ్బ, పైకప్పు లేని రాతి చర్చి]

ఇవాళ మీకు ఒక నియోజకవర్గం చూపిస్తాను. ఇదిగో, ఇదే. పైకప్పు పోయిన చర్చి, చుట్టూ సమాధులు, అవతల సముద్రం. ఇళ్లేవీ అంటారా? 1800లోనే ఇక్కడ పట్టణమన్నది లేదు. అయినా ఆ ఏడాది దాకా ఇక్కడి పేరు మీద డబ్లిన్‌లోని ఐర్లాండ్ పార్లమెంటులో ఇద్దరు సభ్యులు కూర్చున్నారు.

దీని పేరు బానో. ఐర్లాండ్ ఆగ్నేయ మూలన, వెక్స్‌ఫర్డ్ కౌంటీలో ఉంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది.

[తెర మీద: మ్యాప్, బానో అఖాతం]

ఒకప్పుడు ఇది మామూలు ఊరు కాదు. 1169 మే నెలలో నార్మన్లు, అంటే అప్పట్లో ఇంగ్లండ్‌ను ఏలుతున్నవాళ్లు, ఐర్లాండ్‌లో దిగింది ఈ అఖాతంలోనే. రాజ్యం పోగొట్టుకున్న లెన్‌స్టర్ రాజు డెర్మట్ మెక్‌మరో సాయం అడిగితే రాబర్ట్ ఫిట్జ్‌స్టీఫెన్ మూడు ఓడల్లో కొన్ని వందల మందితో వచ్చాడు. తర్వాత ఇక్కడ రేవు పట్టణం లేచింది. వీధులు, సంత, చర్చి అన్నీ ఉండేవి. ఆ వీధుల పేర్లు పాత శిస్తు లెక్కల్లో మిగిలాయి, వీధులు మిగల్లేదు.

కారణం ఇసుక. ఓడలు వచ్చే పాయలో మేట వేసింది. పాయ పూడిపోయి ఎదురుగా ఉన్న దీవి కాస్తా ఒడ్డుకు అతుక్కుంది. ఓడ రాని రేవులో ఎవరుంటారు? పదిహేడో శతాబ్దానికే ఊరు శిథిలం.

[తెర మీద: ఒంటరి పొగగొట్టం, బొమ్మ]

ఊరు పోయినా ఎన్నిక పోలేదు. పార్లమెంటుకు సభ్యుల్ని పంపే పట్టణాన్ని 'బరో' అనేవారు. అప్పటి లెక్కలో బరో అంటే జనం కాదు, ఒక హక్కు. పట్టణానికి ఒకసారి ఆ హక్కు వచ్చిందంటే మనుషులున్నా లేకపోయినా రెండు సీట్లు దానివే. ఊళ్లో మిగిలిన ఒకే ఒక పొగగొట్టం పక్కన నిలబడి ఎన్నిక జరిపేవారని చెప్పుకుంటారు. ఎంతవరకు నిజమో గానీ, నాకైతే ఆ బొమ్మ కళ్లముందు నుంచి పోదు.

మరి ఓటు వేసేదెవరు? ఇలాంటి చాలా బరోల్లో 'బర్జెస్'లనే కొద్దిమంది పట్టణ సంఘం సభ్యులు. వాళ్లు ఆ ఊళ్లో కాపురం ఉండనక్కర్లేదని 1747లో చట్టమే వచ్చింది. అంటే ఆ చుట్టుపక్కల పెద్ద భూస్వామి తన మనుషుల పేర్లు రాయించుకుంటే చాలు, సీటు ఆయన జేబులో ఉన్నట్టే. కౌంటీల మాట వేరే కథ గానీ, డబ్లిన్ పార్లమెంటులో 300 మంది సభ్యులుంటే 234 మంది బరోల నుంచి వచ్చినవాళ్లే. అందులో ఒక్క కాథలిక్ కూడా లేడు, చట్టం ఒప్పుకోదు. దేశంలో ఎక్కువమందేమో కాథలిక్కులే.

[తెర మీద: డబ్లిన్, కాలేజ్ గ్రీన్, పార్లమెంటు భవనం]

1799లో లండన్ ప్రభుత్వం ఈ పార్లమెంటును బ్రిటన్ పార్లమెంటులో కలిపేద్దామంది. సభ 5 ఓట్ల తేడాతో కాదంది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో అదే సభ 158కి 115తో సరేనంది. మధ్యలో బిరుదులు, ఉద్యోగాలు బాగానే పంచారు. కొత్త ఏర్పాటులో ఐర్లాండ్‌కు దక్కేది 100 సీట్లే. కాబట్టి 84 బరోలు రద్దు.

అక్కడే అసలు సంగతి. ప్రాజెక్టు కింద పొలం పోయినవాళ్లకు ఇచ్చినట్టు, బరో పోయినవాళ్లకు నష్టపరిహారం ఇచ్చారు. ఒక్కో బరోకు 15,000 పౌండ్లు, అంటే సీటుకు 7,500. మొత్తం 12 లక్షల 60 వేల పౌండ్లు. దాన్ని ఐర్లాండ్ అప్పు పద్దులోనే రాశారు.

దీన్ని లంచం అనేస్తుంటారు. నాకు అలా అనిపించదు. డౌన్‌షైర్ మార్క్విస్ అనే బిరుదున్న పెద్ద ప్రభువు ఈ విలీనాన్ని గట్టిగా ఎదిరించాడు, పదవులు కూడా పోగొట్టుకున్నాడు. అయినా తన ఏడు సీట్లకు 52,500 పౌండ్లు అందుకున్నాడు. ఎటు ఓటేశావని కాదు, నీ ఆస్తి ఎంత పోయిందన్నదే లెక్క. లంచమైతే కనీసం తప్పని ఒప్పుకున్నట్టు ఉండేది. ఇక్కడ జనం ప్రాతినిధ్యాన్నే సొంత ఆస్తిగా రాసి, ముద్ర వేశారు.

బానో వంతు 15,000. ఎలీ ప్రభువు, చార్ల్స్ టాటెన్‌హాం అనే ఇంకో పెద్దమనిషి తీసుకున్నారు. అదే అఖాతంలో ఇంకాస్త లోపలికి క్లోన్‌మైన్స్ అని మరో పాడుబడ్డ బరో ఉంది. దానికీ ఇంతే ఇచ్చారు. దానికైనా బురుజులు, గోడలు మిగిలాయి.

[తెర మీద: మళ్లీ చర్చి, గాలికి ఊగుతున్న గడ్డి]

1832లో వెస్ట్‌మిన్‌స్టర్, అంటే లండన్‌లోని పార్లమెంటు, ఇంగ్లండ్‌లోని ఇలాంటి ఖాళీ బరోలు 56 రద్దు చేసింది. ఈసారి వాటి యజమానులకు పైసా ఇవ్వలేదు.