చర్చ: ధ్రువ సముద్రాల్లో నీళ్లు మునగడం మానేస్తాయా?

సంధానకర్త: అట్లాంటిక్ తిరుగుడు ప్రవాహం, అంటే వెచ్చని నీరు పైన ఉత్తరానికి వెళ్లి, చల్లబడి మునిగి, లోతున దక్షిణానికి తిరిగొచ్చే ప్రవాహం, 2025–2095 మధ్య కుప్పకూలవచ్చని 2023లో నేచర్ కమ్యూనికేషన్స్‌ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఆ రగడ ఇంకా చల్లారలేదు. సూటిగా చెప్పండి మేడమ్, ఆగుతుందా?

పరిశోధకురాలు: ముందు అసలు నీళ్లు ఎలా దిగుతాయో...

భౌతిక శాస్త్రవేత్త: ఉప్పండీ, ఉప్పు! సున్నా డిగ్రీల దగ్గర సముద్రపు నీరు ఒక డిగ్రీ చల్లబడితే ఘనపు మీటరుకు పెరిగే బరువు 50 గ్రాములు. అదే కిలో నీటిలో ఉప్పు 0.1 గ్రాము పెరిగిందా, 80 గ్రాములు!

సంధానకర్త: కానీ నీళ్లు 4 డిగ్రీల దగ్గరే కదా బరువు?

భౌతిక శాస్త్రవేత్త: అది మంచినీళ్ల సంగతి. కిలోకు 24.7 గ్రాముల ఉప్పు దాటితే గడ్డకట్టేదాకా బరువెక్కుతూనే ఉంటాయి. గడ్డకట్టేటప్పుడు మంచు ఉప్పును బయటికి నెట్టేస్తుంది. అందుకే ఉప్పు...

పరిశోధకురాలు: అది అంటార్కిటికా తీరంలో! కెనడా, గ్రీన్‌లాండ్ మధ్యనున్న లాబ్రడార్ సముద్రంలో సుమారు 3 డిగ్రీల నీరే దిగుతుంది. అక్కడ ఒక డిగ్రీ విలువ 90 గ్రాములకు దగ్గర. చలిగాలి చదరపు మీటరుకు 500 వాట్లకు పైగా వేడి లాగేస్తే...

భౌతిక శాస్త్రవేత్త: పైన మంచినీళ్ల పొర పడితే ఎంత గాలైనా ఏం చేస్తుంది?

మోడలర్: అది నిజమే. 1969–71లో ఉప్పు తక్కువైన నీరు లాబ్రడార్ పైన మూతలా పరుచుకుంది. లోతు కలయిక, అంటే పైనీరు లోతు నీటితో కలవడం, ఆగింది. చలికాలాలూ అంత తీవ్రంగా లేవు. 1972లో గట్టి చలి వచ్చాక మళ్లీ మొదలైంది. 1990ల తొలి ఏళ్లలో 2,000 మీటర్లు దాటింది.

సంధానకర్త: అంటే ఒకసారి ఆగిందన్నమాట! మరి ఇప్పుడు?

పరిశోధకురాలు: ఆగింది ఒకచోట కలయిక మాత్రమే. కిలోమీటరు వెడల్పు ధారలు సెకనుకు 10 సెంటీమీటర్ల దాకా వేగంతో దిగుతాయి, నిజమే. కానీ పక్కనుంచి దాదాపు అంతే నీరు పైకొస్తుంది. కలవడం వేరు, మునగడం వేరు. నికరంగా నీరు దిగేది ఎక్కువగా ఖండపు వాలుల దగ్గర, అంటే ఖండం అంచున సముద్రపు అడుగు లోతుకు జారే చోట. 2014 నుంచి సాగుతున్న కొలతల్లోనూ తిరుగుడు ప్రవాహంలో పెద్ద వాటా గ్రీన్‌లాండ్‌కు తూర్పున...

భౌతిక శాస్త్రవేత్త: తూర్పునైనా ఉప్పే కదా!

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు)

సంధానకర్త: అంటార్కిటికా పక్కనున్న వెడెల్ సముద్రంలో 1974–76లో నడి చలికాలంలో మంచు మధ్య అంత పెద్ద ఖాళీ ఎందుకొచ్చింది?

మోడలర్: అడుగునున్న వెచ్చని నీరు పైకొచ్చి మంచును కట్టనివ్వలేదు. ఆ వేడి గాలిలోకి పోయి, చల్లబడిన నీరు...

భౌతిక శాస్త్రవేత్త: ఆ నీరు పైకి రావాలన్నా పైపొరలో ఉప్పు పెరగాలి!

సంధానకర్త: అయితే గ్రీన్‌లాండ్ మంచు కరిగితే కథ ముగిసినట్టే. మొత్తానికి ఉప్పే.

పరిశోధకురాలు: నేనలా అనలేదు...

సంధానకర్త: సమయం లేదు మేడమ్.

భౌతిక శాస్త్రవేత్త: ఒక్క మాట, ఆ ఉప్పు...