గులాబీలో బూడిద తెగులు: వేప, వెల్లుల్లి ఎలా వాడాలి?

శ్రోతలకు నమస్కారం.

చలికాలం వచ్చిందంటే పగలు వెచ్చగా, రాత్రి చల్లగా, తెల్లవారుజామున గాలి తేమగా ఉంటుంది. గులాబీ లేత చిగుళ్ల మీద పిండి చల్లినట్టు తెల్లటి పొర కనిపించేది ఈ రోజుల్లోనే. అదే బూడిద తెగులు. ఆకులు ముడుచుకుపోతాయి. మొగ్గ, మొగ్గ కాడ తెల్లబడితే పువ్వు సరిగా విచ్చుకోదు. చేవెళ్ల, మొయినాబాద్ వైపు తోటల రైతులకైనా, మిద్దె మీద నాలుగు కుండీలు పెంచుకునేవారికైనా ఇది తెలిసిన బాధే.

ఈ బూజు ఆకు పైనే పాకుతుంది. పైపొర కణాల్లోకి మాత్రం సన్నటి పీచులు దించి ఆహారం పీల్చుకుంటుంది. పైన ఉంటుంది కనుకే ఆకు మీద పడిన మందుకు దొరుకుతుంది. నల్లమచ్చ తెగులు వేరు. అది ఆకు చర్మం కిందే పెరుగుతుంది, మచ్చ పడిన ఆకును ఏ కషాయమూ బాగుచేయలేదు. వేరుకుళ్లుకు కూడా పైన కొట్టే కషాయం పనికిరాదు. కాబట్టి ముందు తెగులును సరిగ్గా గుర్తుపట్టండి.

బూడిద తెగులుకు మా మొదటి ఎంపిక వేపనూనె. లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు చాలు. నూనె నీటిలో కలవదు, చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ముందు గ్లాసుడు గోరువెచ్చని నీటిలో 1 మిల్లీలీటరు ద్రవ సబ్బు కలపండి. అందులో నూనె కొద్దికొద్దిగా పోస్తూ పాలలా తెల్లబడేదాకా గిలకొట్టి, ఆ తర్వాతే మిగతా నీళ్లు చేర్చండి. పైన నూనె తేలితే కొట్టకండి. నూనె చుక్కలు పడినచోట ఆకు మాడుతుంది. సబ్బు ఎక్కువైనా ఆకు మీది మైనపు పొర పోతుంది.

నూనె దొరకనప్పుడు వేపగింజల కషాయం చేసుకోవచ్చు. పది లీటర్ల ట్యాంకుకు అరకిలో వేపపప్పు పొడి కావాలి. గింజలు నీడలో ఆరినవి, బూజు పట్టనివి, ఎనిమిది నెలలు దాటనివి అయి ఉండాలి. పొడిని రెండు లీటర్ల నీటిలో రాత్రంతా నానబెట్టి, పలుచటి గుడ్డలో రెండుసార్లు వడకట్టి, పది లీటర్లకు నీళ్లు చేర్చి, 10 గ్రాముల సబ్బు పొడి కలపండి. వడపోతలో అశ్రద్ధ చేస్తే నాజిల్ పూడుకుపోతుంది.

వెల్లుల్లి అయితే లీటరుకు 50 గ్రాములు. దంచిన ముద్దను పదిహేను నిమిషాలు అలాగే వదిలేసి, ఆ తర్వాతే నీటిలో కలిపి వడకట్టండి. బూజును అణచే అల్లిసిన్ రెబ్బలో ముందే ఉండదు, దంచాకే తయారవుతుంది. అందుకే మరిగించకూడదు, వేడికి దాన్ని తయారుచేసే ఎంజైమ్ చచ్చిపోతుంది. ఏ రోజు చేసిన రసం ఆ రోజే వాడేయాలి.

ఏ మందైనా ముందు ఒక కొమ్మ మీద కొట్టి రెండు రోజులు చూడండి. కోతకొచ్చిన పూలు కోసేశాకే పిచికారీ చేయండి, నూనె రేకుల మీద మరకలు చేస్తుంది. సాయంత్రం ఎండ తగ్గాక, చీకటి పడేలోపు ఆకులు ఆరిపోయే వేళ మంచిది. వేపలోని అజాడిరక్టిన్ అనే మందు పదార్థం ఎండకు నిలవదు, తడి ఆకులేమో నల్లమచ్చకు దారిస్తాయి. ఆకు అడుగుభాగం, చిగుళ్లు బాగా తడవాలి. వారం, పది రోజులకోసారి మళ్లీ కొట్టాలి, కొత్త చిగురుకు పాత మందు రక్షణ ఇవ్వదు.

కత్తిరింపులయ్యాక చిగురు పడుతుండగానే మొదలుపెడితే ఈ మందుల విలువ తెలుస్తుంది. తోటంతా తెల్లబడ్డాక వీటినే నమ్ముకుని పంట పోగొట్టుకోవద్దు. తెల్లబడ్డ కొనలు కత్తిరించి, లీటరు నీటికి 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం కొట్టండి. అయితే వేపనూనె కొట్టిన రెండు వారాలలోపు గంధకం వాడకండి, రెండూ కలిస్తే ఆకులు మాడిపోతాయి. ఎండ ముదిరిన రోజుల్లో గంధకం ఒక్కటి కొట్టినా అదే ప్రమాదం.