పచ్చి చారకే పనిచేసే మందు

అధ్యాపకులకు, విద్యార్థినులకు నమస్కారం.

పొట్ట మీదో తొడల మీదో వచ్చిన చారలు (స్ట్రెచ్ మార్కులు) చూపించడానికి మా ఓపీకి వచ్చేవారిలో చాలామంది, ఏ క్రీము రాస్తే ఇవి పోతాయని అడుగుతారు. ఇవి వచ్చి ఎన్నాళ్ళయిందని నేను తిరిగి అడుగుతాను. వీటికి రాసే ట్రెటినోయిన్ అనే విటమిన్ ఏ క్రీము ఉపయోగపడుతుందా లేదా అన్నది చాలావరకు ఆ జవాబు మీదే ఆధారపడి ఉంటుంది.

చర్మం లోపలి పొరలో కొల్లాజెన్, ఎలాస్టిన్ అనే ప్రోటీన్ పోగులు నేతలా అల్లుకొని ఉంటాయి. ఎదిగే వయసులో ఒక్కసారిగా పొడుగు సాగినప్పుడు, గర్భంతో పొట్ట పెరిగినప్పుడు, కొద్ది నెలల్లోనే ఒళ్ళు వచ్చినప్పుడు ఆ నేత దెబ్బతింటుంది. పైపొర మాత్రం చిరగదు కనుక గాయం కనిపించదు, చార కనిపిస్తుంది. కొత్త చార ఎర్రగానో వంకాయ రంగులోనో ఉంటుందని పుస్తకాల్లో రాస్తారు గానీ, మన చామనఛాయ చర్మం మీద ఆ ఎరుపు సరిగా తెలియదు, చుట్టూ ఉన్న చర్మం కంటే కాస్త ముదురుగా మాత్రమే కనిపిస్తుంది. వేలితో తడిమితే కొద్దిగా ఉబ్బెత్తుగా తగులుతుంది, ఒక్కోసారి దురద పెడుతుంది. నెలలు గడిచేకొద్దీ అది వెలిసి, తెల్లబడి, పల్లంగా దిగి, ఉల్లిపొరలా సన్నని ముడతలు పడుతుంది.

మొటిమల మందుగా అమెరికాలో 1971లో అనుమతి పొందిన ట్రెటినోయిన్, విటమిన్ ఏ నుంచి వచ్చే రెటినోయిక్ ఆమ్లమే. సౌందర్య సాధనాల్లో వాడే రెటినాల్ చర్మంలోకి వెళ్ళాక రెండు మెట్లు మారితే గాని ఈ ఆమ్లం కాదు, కనుక దాని బలం తక్కువ. 1996లో మిషిగన్ వైద్యులు ప్రచురించిన అధ్యయనంలో, కొత్త చారలున్న 22 మందిలో 10 మంది 0.1 శాతం ట్రెటినోయిన్‌ను, 12 మంది మందు కలపని ఉత్త క్రీమును రోజూ ఆరు నెలలు రాసుకున్నారు. మందు రాసినవారిలో 8 మందికి, ఉత్త క్రీము రాసినవారిలో ఒక్కరికి స్పష్టమైన మెరుగుదల కనిపించింది. మందు రాసిన చారల పొడవు సగటున 14 శాతం, వెడల్పు 8 శాతం తగ్గాయి. ఉత్త క్రీము రాసిన చారలు పొడవులో 10 శాతం, వెడల్పులో 24 శాతం పెరిగాయి. ఇది చిన్న అధ్యయనమే, పైగా 0.025 శాతం మందుతో చేసిన మరో పరిశీలనలో తేడా కనిపించలేదు. చార తగ్గడం వేరు, మాసిపోవడం వేరు అన్నది కూడా ఈ అంకెల్లోనే ఉంది. తెల్లబడిన పాత చారల విషయంలో ఈ క్రీము మీద నాకు పెద్దగా ఆశ లేదు.

అసలు చిక్కు గర్భిణుల విషయంలో వస్తుంది. చారలు పచ్చిగా, అంటే కొత్తగా, ఉండేది ఆ నెలల్లోనే, కానీ విటమిన్ ఏ సంబంధిత మందులు లోపలికి తీసుకుంటే బిడ్డకు అవకరాలు కలుగుతాయని తెలుసు కనుక, పైపూతను కూడా గర్భంతో ఉన్నప్పుడు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నప్పుడు మానుకోమంటాం. కాన్పు తర్వాత పాలిచ్చే తల్లి తన వైద్యుణ్ణి అడిగే మొదలుపెట్టాలి. రొమ్ము మీద అసలు రాయకూడదు. అమ్మమ్మలు పొట్టకు కొబ్బరినూనె రాస్తే నేను కాదనను, దురద తగ్గుతుంది. చారలను మాత్రం అది ఆపలేదు.

వైద్యుడు రాసిచ్చాక ఈ క్రీమును రాత్రిపూట, పూర్తిగా ఆరిన చర్మం మీద, మొదట రోజు విడిచి రోజు, పలుచగా రాయాలి. కొద్దిగా పొట్టు రాలడం మామూలే. మంటపుడుతున్నా ఓర్చుకొని రాస్తే మన రంగు చర్మం మీద నల్లమచ్చ మిగులుతుంది, అది చార కంటే ఎక్కువ బాధ పెడుతుంది.

మంగు మచ్చలకు మందుల షాపుల్లో దొరికే కొన్ని ట్యూబుల మీద ట్రెటినోయిన్ పేరు చూసి దాన్నే చారలకు రాసుకున్నవారిని చూశాను. ఆ పేరు పక్కనే చిన్న అక్షరాలతో హైడ్రోక్వినోన్ (చర్మం రంగు తగ్గించే మందు), మోమెటాసోన్ అని ఉంటాయి. మోమెటాసోన్ స్టెరాయిడు, నెలల తరబడి రాస్తే చర్మాన్ని పలుచన చేసి, తానే కొత్త చారలు తెస్తుంది. తొడ సందుల్లో తామరకు స్టెరాయిడు క్రీము పూసుకొని, తామర అలాగే ఉండగా దాని పక్కన వెడల్పాటి చారలు తెచ్చుకున్న కుర్రవాళ్ళు మా ఓపీలో తరచుగా కనిపిస్తారు. కనుక ట్యూబు చేతికి రాగానే దాని మీద ఉన్న పేర్లన్నీ చదవండి, ఒక్క పేరు చూసి ఆగకండి.