మూడు సూదులు, ఒకే ఉక్కు

నమస్కారమండీ. ఒకే ఉక్కు, కాల్చి చల్లార్చే తీరును బట్టి ఎలా మారిపోతుందో ఈ రోజు చూద్దాం. అందుకు మనకు కావలసినవి మూడు కుట్టుసూదులు, కటింగ్ ప్లయర్, గిన్నెడు చల్లని నీళ్లు, గ్యాస్ స్టవ్. కళ్లద్దాలు మాత్రం తప్పకుండా పెట్టుకోండి. సూది విరిగితే ముక్క ఎగిరి కంట్లో పడుతుంది.

మూడూ ఒకే ప్యాకెట్‌లోవి. మొదటిదాన్ని ఎర్రగా కాల్చి, మంట నుంచి మెల్లమెల్లగా పైకి తీస్తూ చల్లార్చాను. ఇప్పుడు వంచుతున్నా. చూశారా, బైండింగ్ వైరులా వంగిపోయింది! రెండోదాన్నీ అంతే ఎర్రగా కాల్చి, వెంటనే నీళ్లలో ముంచాను. ఇది వంగలేదండీ, టప్పున విరిగింది.

ఉక్కంటే ఇనుములో కాస్త కార్బన్. దాదాపు 727 డిగ్రీల సెల్సియస్ దాటాక ఇనుము పరమాణువుల అమరిక మారి, కార్బన్ అందులో చక్కగా ఇమిడిపోతుంది. మెల్లగా చల్లారితే ఆ కార్బన్‌కి బయటికి వచ్చే తీరిక దొరుకుతుంది. అప్పుడు మెత్తని ఇనుము ఒక పొర, ఇనుము, కార్బన్ కలిసి ఏర్పడే గట్టి సిమెంటైట్ ఒక పొర, మళ్లీ ఇనుము. మైక్రోస్కోపులో దున్నిన చేను చాళ్లలా ఉంటుంది, ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. దీని పేరు పెర్లైట్. నీళ్లలో ముంచితే కార్బన్ ఎక్కడిదక్కడే ఇరుక్కుపోయి అమరికంతా బిగుసుకుపోతుంది. అది మార్టెన్‌సైట్. చాలా గట్టిది, కానీ గాజులా పెళుసు.

అసలు పనితనం మూడో సూదిలో ఉంది. దీన్నీ కాల్చి నీళ్లలో ముంచాను. ఎమెరీ పేపరుతో తెల్లగా మెరిసేదాకా రుద్దాను. ఇప్పుడు సన్నని మంటకు కాస్త ఎత్తులో పట్టుకుంటున్నా. తొందరపడకండి, రంగు చూడండి. ఎండుగడ్డి రంగు వచ్చింది... గోధుమ రంగు... ఊదా... అదిగో నీలం! తీసేయండి. ఇది దాదాపు 300 డిగ్రీలు. ఇరుక్కున్న కార్బన్‌లో కొంత సన్నని రేణువులుగా బయటపడి, లోపలి బిగువు సడలింది. వంచి వదులుతున్నా... స్ప్రింగులా వెనక్కి వచ్చేసింది!

కమ్మరి ఉలిని కాల్చి పదును పెట్టేటప్పుడు కనిపెట్టేది ఈ రంగులనే. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో, అంటే మంటకు తట్టుకునే మట్టి పాత్రల్లో, చేసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారు. ఆ పనివాళ్ల దగ్గర థర్మామీటర్ లేదు, వాళ్ల కళ్లే కొలత.

మీ సూది నీలం దాటి బూడిద రంగులోకి పోయిందా? మరీ మెత్తబడిందన్నమాట. పారేయకండి. మళ్లీ ఎర్రగా కాల్చి, నీళ్లలో ముంచి, రుద్ది, ఈసారి మంటకు ఇంకాస్త ఎత్తులో పట్టుకోండి.