మాత్ర వేసుకున్నాక మనసు మాటేమిటి?

అమ్మాయిలూ, మన తిరుపతిలో ఏ మందుల షాపు దగ్గర నిలబడినా ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట వినబడుతుంది: "వచ్చే వారం కొండకు పోతా ఉండాము, డేటు రాకుండా మాత్రలు ఇయ్యన్నా." సాధారణంగా ఇచ్చేది నోరెథిస్టిరాన్ అనే, ప్రొజెస్టిరాన్ హార్మోన్‌ను పోలిన మందు, 5 మిల్లీగ్రాములు, రోజుకు మూడు. అది ఒంట్లో కొంత ఈస్ట్రోజెన్‌గా మారుతుంది కాబట్టి, రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా వాడకూడదు. ఇక ఆ రోజుల్లో మనసెలా ఉందని అడిగేవాళ్లెవరు?

అడగాలి. మన ఒంట్లో ఊరే ప్రొజెస్టిరాన్ కొంత అల్లోప్రెగ్ననలోన్ అనే పదార్థంగా మారి, మెదడును శాంతపరిచే గాబా గ్రాహకాల మీద పనిచేస్తుంది. చాలామందిలో అది ఆందోళన తగ్గిస్తుంది, కొందరిలో చిరాకు పెంచుతుంది. నోరెథిస్టిరాన్ అలా మారదు. హార్మోన్లున్న గర్భనిరోధక మాత్రలైతే ఎక్కువగా అండం విడుదలనే ఆపుతాయి. దాంతో అండాశయం సొంతంగా చేసే హార్మోన్లూ తగ్గిపోతాయి. ఈ హార్మోన్ల ప్రభావం మెదడు దాకా పోతుంది: ఆడ ఎలుకల మెదడులో జ్ఞాపకానికి సంబంధించిన హిప్పోకాంపస్‌లో నాడీకణాల ముళ్లు (పక్క కణాలతో కలిసే చిన్న మొలకలు) వాటి నాలుగైదు రోజుల హార్మోన్ల చక్రంలోనే పెరిగి తరుగుతాయని 1990లోనే చూపించారు.

గర్భనిరోధక మాత్రకు అమెరికాలో అనుమతి వచ్చింది 1960లో. డెన్మార్క్‌లో పది లక్షలకు పైగా ఆడవాళ్ల రికార్డులు చూసి, మాత్ర వాడేవాళ్లలో, ముఖ్యంగా పంతొమ్మిదేళ్ల లోపు పిల్లల్లో, కుంగుబాటు మందులు మొదలుపెట్టడం ఎక్కువని ఒక అధ్యయనం చెప్పింది 2016లో. మరుసటి ఏడాది స్వీడన్‌లో 340 మందికి మూడు నెలలు సగం మందికి మాత్ర, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూస్తే కుంగుబాటు పెరగలేదు, మనసు హాయి మాత్రం కాస్త తగ్గింది. ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని కొట్టేయకండి. సగటు లెక్కలో పదిమంది బాగుంటే, నలిగిపోయిన ఒకామె కనబడదు. పడనివాళ్లు ముందే మానేస్తే, మిగిలిన వాడకందార్లంతా కులాసాగానే కనిపిస్తారు.

అందుకే ఒకే మనిషిని మాత్రకు ముందు, వాడుతుండగా, మానేశాక గమనించాలి. ఏ మాత్రో కూడా తెలియాలి. ఆశా కార్యకర్త ఇచ్చే గర్భనిరోధక మాత్రల అట్ట మాలా-ఎన్‌లో 21 హార్మోన్ మాత్రలు, ఆఖరి ఏడు ఇనుము మాత్రలు. ఛాయా అనే ఇంకో గర్భనిరోధక మాత్రలోనైతే హార్మోనే లేదు. ఇంట్లో మాత్రం రెండూ "మాత్రలే". మనసు బాగోలేదని ఎవరూ తమంతట తాము మాత్ర ఆపేసి గర్భం తెచ్చుకోవద్దు, డాక్టరుతో చెప్పి వేరేది మార్పించుకోవచ్చు.

మీలో ఎవరైనా దీనిమీద ప్రాజెక్టు చేస్తే, మాత్ర పేరు, మొదలుపెట్టిన తేదీ, అట్టలో ఎన్నో మాత్ర, ఈ మూడూ మొదటి పేజీలోనే రాయించండి.